నిజంగా జరిగిందట!

మా గర్ల్స్ హాస్టల్లో రాత్రి పదకొండున్నర దాటాక రెండు రకాల గదులుంటాయి. రేపటి ల్యాబ్ రికార్డు ఇంకా రాస్తున్న గదులు కొన్ని. ఎలాగూ పూర్తవదని తెలిసిపోయి కథల్లో పడ్డ గదులు కొన్ని. మాది రెండో రకం. అందులోనూ మాకు దెయ్యాల కథలు ఆనవు, ప్రేమకథలు అసలే ఆనవు. లైటు ఆపేశాక ఎవరో ఒకరు "ఇది నిజంగా జరిగిందట" అని మొదలుపెట్టాలి. అంతే, అప్పటిదాకా ఎవరి ఫోన్లో వాళ్ళు తలలు దూర్చుకున్న నలుగురం ఒకే మంచం మీదకి చేరిపోతాం.

ఈ వ్యాసం ఆ రెండు మాటల గురించే. "నిజంగా జరిగిందట" అనగానే మనకి ఏమవుతుంది? ఎందుకవుతుంది? దాని ఖరీదు ఎవరు కడతారు?

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకీ పిచ్చి ఇప్పటిది కాదు. బొబ్బిలిలో మా ఇంటికి ఆదివారం పేపరు రాగానే నాన్న రాజకీయాల పేజీ తీసుకునేవారు, నేను వింతలూ విశేషాల పేజీ లాక్కునేదాన్ని. ఆ తర్వాత జిల్లా పేజీల్లో మూలన వచ్చే నేరాల వార్తలు. అటక మీద ట్రంకు పెట్టెలో అట్టలు ఊడిపోయిన కొమ్మూరి సాంబశివరావు నవలలు కూడా ఉండేవి. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, చివరి పేజీల్లో హంతకుడు. చదివాను, నచ్చాయి కూడా. కానీ యుగంధర్ ఎలాగోలా పట్టేస్తాడని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది కదా. పేపర్లో నేరం అలా కాదు. ఇవాళ సగం వస్తుంది, రేపు ఇంకాస్త వస్తుంది, ఎల్లుండి ఏమీ రాదు. ఆ ఏమీ రాని రోజే నాకు నిద్ర పట్టేది కాదు.

వింతల సంగతీ అంతే. మా నానమ్మ ఒక కథ చెప్పేది. తొంభైల్లో ఊళ్ళలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. రాత్రిపూట ఒక ఆడది వచ్చి తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, పలికితే అంతేనని పుకారు. తలుపు మీద రాతని చూసి రేపు వద్దామని వెళ్ళిపోతుందట. రేపు వచ్చినా మళ్ళీ అదే రాత. "నానమ్మా, అది చదువుకున్న దెయ్యమా?" అని అడిగితే, "నువ్వు నవ్వుతావుగానీ, మా వీధిలో ఒక్క తలుపూ ఖాళీగా లేదు తెల్సా" అనేది. ఆ కథ వందసార్లు విన్నాను.

దానికి పక్కన ఇంకో వింత పెట్టి చూడండి. 1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు తాగాడు. గుళ్ళ ముందు చెంబులు పట్టుకుని క్యూలు కట్టారు. శాస్త్రవేత్తలు పాలల్లో రంగు కలిపి చూపించారు. చెంచాలో పాలు తలతన్యత వల్ల విగ్రహం మీదకి పాకి సన్నటి ధారగా కిందకి జారిపోతున్నాయని తేల్చారు. మనం ఇంటర్ ఫిజిక్స్‌లో రెండు మార్కుల ప్రశ్నగా చదివిన తలతన్యతే. నానమ్మ ఆ కథ మాత్రం ఎప్పుడూ పూర్తిగా చెప్పేది కాదు. "ఏటో, అదేదో సైన్సట" అని వదిలేసేది. అప్పుడు పట్టించుకోలేదుగానీ ఇప్పుడు ఆలోచిస్తే అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తోంది. జవాబు దొరికిన వింతని ఎవరూ రెండోసారి చెప్పరు.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు. అమెరికాలో రాబర్ట్ రిప్లే "నమ్మితే నమ్మండి" అంటూ పేపర్లో బొమ్మలు గీశాడు, ఆ పేరు మీద ఇప్పటికీ మ్యూజియాలు నడుస్తున్నాయి. చార్లెస్ ఫోర్ట్ అనే ఆయన ఏళ్ళ తరబడి లైబ్రరీల్లో కూర్చుని, పాత పత్రికల్లోంచి కప్పల వానలూ చేపల వానలూ ఏరుకుని 1919లో "ది బుక్ ఆఫ్ ది డామ్డ్" వేశాడు. సైన్సు పక్కకి తోసేసిన సంగతులన్నీ అందులో కుప్పపోశాడు. ఆ కుప్పే జనానికి నచ్చింది.

మరి నేరాల కథలు ఎందుకు నచ్చుతాయి? "రక్తం చూడ్డం సరదా, అంతే" అని మా సీనియర్ ఒకాయన తేల్చేశారు. నేనొప్పుకోను. రక్తం సినిమాల్లో బకెట్లకొద్దీ దొరుకుతుంది, దానికి అర్ధరాత్రి దాకా మేలుకోనక్కర్లేదు. అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో ఒక పేపరు ప్రచురించారు. నిజమైన నేరాల పుస్తకాలని మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువగా ఎంచుకుంటున్నారని, ముఖ్యంగా తప్పించుకునే కిటుకులు ఉన్న పుస్తకాలవైపు మొగ్గుతున్నారని అందులో చెప్పారు. అది చదివినప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. రాత్రి తొమ్మిదింటికి బొబ్బిలి కాంప్లెక్సులో బస్సు దిగి, ఆటోలో నేనొక్కదాన్నే ఎక్కాల్సి వచ్చినప్పుడు, ఆటో నంబరు అమ్మకి మెసేజి పెట్టాలని నాకు ఎవరు నేర్పారు? సిలబస్ నేర్పలేదు. అలాంటి కథలే నేర్పాయి.

ఇంకో కారణం మన బ్రాంచీల వాళ్ళకి చెప్పక్కర్లేదు. పనిచేయని సర్క్యూట్ ముందు పెడితే మనం ఏం చేస్తాం? వెనక నుంచి ముందుకి వస్తాం. అవుట్‌పుట్ ఇలా ఉందంటే ఎక్కడో తెగింది, ఎక్కడ? నేరం కథ కూడా అదే. జరగకూడనిది జరిగింది, ఎక్కడ తెగిందో వెతుకుతున్నాం. చెడ్డ పనేమీ కాదది.

ఇంతవరకూ నా పిచ్చిని వెనకేసుకొచ్చాను. ఇక అడ్డం తిరిగే భాగం. అది మా ఊరి నుంచే మొదలవుతుంది.

నా రూమ్మేట్‌ది విజయనగరం. మొదటి సంవత్సరం, మొదటి వారం. "మీదెక్కడ?" అంది. "బొబ్బిలి" అన్నాను, మా ఊరివాళ్ళు ఆ పేరు చెప్పేటప్పుడు ఎలా చెప్తారో అలా. అది నా వైపు చూసి, "ఓహో, మా రాజుగారిని పడుకున్నోడిని పడుకున్నట్టే పొడిచీసినోళ్ళు మీరేనా?" అంది.

నాకు నోట మాట రాలేదు. చిన్నప్పటి నుంచి యుద్ధ స్తంభం చూస్తూ పెరిగాను. 1964లో వచ్చిన బొబ్బిలి యుద్ధం సినిమా టీవీలో ఎప్పుడు వేసినా ఇంట్లో అందరం కూర్చుని చూస్తాం. అందులో ఎస్వీ రంగారావు తాండ్ర పాపారాయుడు. 1986లో కృష్ణంరాజు పాపారాయుడు. మా దృష్టిలో అది పగ తీర్చుకోవడం, వీరత్వం. ఒక గుడారంలో నిద్రపోతున్న మనిషిని చంపడం అని నేను ఎప్పుడూ అనుకోలేదు. అదే సంఘటన, మధ్యలో ఏవో కొన్ని మైళ్ళు, అంతే తేడా.

ఆ కోపంలో లైబ్రరీలోనూ నెట్‌లోనూ వెతికాను. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం పూసపాటి విజయరామరాజు సేన కలిసి కోట మీద పడ్డాయి. ఇక నిలవదని తెలిసి కోటలోని వాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపుకుని ఇళ్ళకి నిప్పుపెట్టుకున్నారు. రంగారావు పడిపోయాడు. ఆ తర్వాత జరిగిన హత్య గురించి ఇంగ్లీషులో రాసినవాడు ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్. ఆయన కథనం ప్రకారం రంగారావు మనుషులు నలుగురు రాత్రి గోడ దిగి బయటపడ్డారు. అవతలివాళ్ళదీ ఇదే భాష కావడంతో కాపలావాళ్ళకి అనుమానం రాలేదు. పొదల్లో రెండు రోజులు దాక్కున్నారు. తర్వాత వాళ్ళలో ఇద్దరు గుడారం వెనక నుంచి నేల మీద పాక్కుంటూ లోపలికి వెళ్ళి నిద్రపోతున్న విజయరామరాజుని 32 చోట్ల పొడిచారు. అక్కడికక్కడే చచ్చిపోయారు. వాళ్ళ వల్ల కాకపోతే పని పూర్తిచెయ్యడానికి మిగతా ఇద్దరూ అడవిలో కాచుకుని ఉన్నారు.

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మా ఊరి మీద ఇంత మంచి క్రైమ్ స్టోరీ ఉందా అనిపించింది. నిజం చెప్తున్నాను, మొదట అనిపించింది అదే. రెండోసారి చదివినప్పుడు ఒక సంగతి గుచ్చుకుంది. ఆ ఇద్దరి పేర్లు ఓర్మ్ చెప్పలేదు. ఆయన ఇక్కడ లేడు కూడా. ఆ రోజుల్లో మద్రాసులో కంపెనీ కౌన్సిల్ సభ్యుడు. ఈ సంగతి ఉన్న రెండో సంపుటం అచ్చయింది 1778లో, అంటే ఇరవై ఏళ్ళు దాటాక. మరి మన పాటల్లో, కథల్లో, సినిమాల్లో రాజాం నుంచి వచ్చిన తాండ్ర పాపారాయుడి పేరు, మొహం, మీసం, మాట, అన్నీ ఉన్నాయి. పాపారాయుడు లేడని నేనడం లేదు, అలా అన్నానంటే సంక్రాంతికి నన్ను ఊళ్ళోకి రానివ్వరు. నేననేది ఒక్కటే. ఓర్మ్ ఖాళీగా వదిలిన చోట మనం కథ ఒక పేరు నిలబెట్టింది. మా ఊరికి ఆ పేరు హీరో అయింది, రూమ్మేట్ వాళ్ళ ఊరికి హంతకుడయ్యాడు. ఖాళీని నింపినవాళ్ళు ఎటువైపు వాళ్ళో దాన్నిబట్టి.

పెద్ద పెద్ద రచయితలూ దీనికి అతీతులు కాదు. ట్రూమన్ కపోటే "ఇన్ కోల్డ్ బ్లడ్" ఈ రకం పుస్తకాలన్నిటికీ పెద్దన్న లాంటిది. 1959లో కాన్సాస్‌లో ఒక కుటుంబంలో నలుగురు హత్యకి గురైన వార్త పేపర్లో చదివి, అక్కడికి వెళ్ళి, ఏళ్ళ తరబడి తిరిగి 1966లో పుస్తకంగా తెచ్చాడు. అందులో ప్రతి మాటా నిజమే అన్నాడు. కానీ శ్మశానంలో ప్రశాంతంగా ముగిసే ఆ చివరి సన్నివేశం అసలు జరగలేదని తర్వాత తేలింది. కథకి ముగింపు కావలసి వచ్చింది, ఆయన పెట్టాడు.

కపోటేని తిట్టడానికి నాకు అర్హత లేదు. ఎందుకంటే నేనూ అదే పని చేశాను.

మా వీధిలో ఒక అక్క ఉండేది. నాకు ట్యూషన్ చెప్పేది, వర్షం వస్తే మా మేడ మీద బట్టలు కూడా తనే తీసేది. నేను ఇంటర్‌లో ఉండగా ఒకరోజు పొద్దున్న ఆమె చనిపోయిందన్నారు. ఎలా అన్నదాని మీద ఇంట్లోవాళ్ళు ఒకటి చెప్పారు, వీధి ఇంకోటి చెప్పింది. పోలీసులు వచ్చారు, కాగితాలు రాసుకున్నారు, వెళ్ళారు. నాకు తెలిసింది అంతే. ఇప్పటికీ అంతే.

రెండో సంవత్సరంలో ఒక రాత్రి మా గదిలో కథ చెప్పే వంతు నాకొచ్చింది. నా దగ్గర ఉన్నవన్నీ అయిపోయాయి. అందరూ చూస్తున్నారు. "ఇది నిజంగా జరిగింది, మా వీధిలోనే" అన్నాను. "జరిగిందట" కూడా కాదు, "జరిగింది". నలుగురూ దగ్గరికి జరిగారు. చెప్పుకుంటూ పోతుంటే మధ్యలో కథ సన్నబడిపోయింది. నాకు తెలిసింది కొంచెమే కదా. అక్కడ నేనొక మాట వేశాను. "ఆ రాత్రి పన్నెండింటికి ఆమెకి ఒక ఫోన్ వచ్చిందట."

అలాంటి ఫోన్ సంగతి నేను ఎక్కడా వినలేదు. ఎవరూ నాకు చెప్పలేదు. ఆ క్షణంలో నోటికొచ్చింది, అన్నాను. గది మొత్తం ఊపిరి బిగపట్టింది. అబ్బ, ఎంత బాగుందో ఆ నిశ్శబ్దం. ఇప్పటికీ గుర్తుంది.

రెండు నెలల తర్వాత మెస్‌లో సివిల్ బ్రాంచి జూనియర్ ఒకమ్మాయి, సాలూరు వైపు పిల్ల, నా పక్కన కూర్చుంది. "అక్కా, మీది బొబ్బిలి కదా? మీ ఊళ్ళో ఒకావిడ చచ్చిపోయిందటగా, రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసింది ఆవిడ మేనబావట, నిజమేనా?"

చేతిలో చపాతీ ముక్క అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఆ అక్కకి నిజంగానే ఒక బావ ఉన్నాడు. విశాఖలో ఉద్యోగం. దినం రోజున పందిరి గుంజ పట్టుకుని ఒక్కడే నిలబడ్డాడు. నేను లేని ఫోన్ ఒకటి మోగించాను. హాస్టల్ దానికి చేసేవాణ్ణి వెతికిపెట్టింది. సాలూరు నుంచి బొబ్బిలికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట రేపు ఆయన ఇంటి గుమ్మం దాకా వెళ్తే?

అప్పటి నుంచి ఈ కథల్ని వేరేగా చూస్తున్నాను. మానెయ్యలేదు, మానెయ్యమని మీకూ చెప్పను. కానీ ఒకటి అర్థమైంది. మనం "నిజంగా జరిగింది" అన్న ముద్ర చూసి దగ్గరికి వస్తాం, తీరా వచ్చాక మనకి కావలసింది నిజం కాదు, అందులో ఉన్న ఖాళీ. ఎవరు, ఎందుకు అని తెలియకపోవడం. ఆ ఖాళీలో మనకి నచ్చింది పోసుకోవచ్చు. పోసినదానికి పైన ముద్ర ఎలాగూ ఉంటుంది.

దీనికి రుజువు కావాలా? ఖాళీ లేని నేరాల సంగతి చూడండి. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపేశారు. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించిన భూమిలో ఎవరు సాగుచేసుకోవాలన్న గొడవ. రాజాం దాటితే వంగర. మనకి కాన్సాస్ కన్నా చాలా దగ్గర. మూడేళ్ళుగా మా గదిలో ఎన్నో దేశాల హత్యలు చెప్పుకున్నాం, లక్ష్మీపేట ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకంటే అందులో మిస్టరీ లేదు. మంచం మీద దగ్గరికి జరిగి వినడానికి ఏమీ లేదు. 1985 జులై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు, అవీ అంతే. వాటి మీద హక్కుల సంఘాలవాళ్ళు ఊళ్ళకి వెళ్ళి, మనుషుల్ని అడిగి, నిజనిర్ధారణ నివేదికలు రాశారు. నా దృష్టిలో మన తెలుగులో అసలు నేర జర్నలిజం అది. అవి కూడా నిజంగా జరిగినవే. కానీ వాటిని చదివాక "ఎవరై ఉంటారబ్బా" అని అడగలేం. "ఎలా జరగనిచ్చాం" అని అడగాలి. ఆ ప్రశ్న రాత్రి పదకొండున్నరకి సరదాగా ఉండదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. నేరం కథ చదవడం తప్పు కాదు. చెప్పడమూ తప్పు కాదు. అయితే మంచి పుస్తకానికీ చెడ్డ పుస్తకానికీ తేడా ఎంత భయపెట్టిందన్న దాంట్లో లేదు. తెలియని చోట "ఇక్కడ తెలియదు" అని వదిలే ధైర్యం ఉందా లేదా, అదీ చూడాల్సింది. ల్యాబ్‌లో మనందరికీ తెలుసు, ఒక రీడింగ్ రాకపోతే పక్కవాళ్ళ రికార్డు చూసి గ్రాఫ్ అందంగా కలిపేస్తాం. గ్రాఫ్‌లో అయితే పోయేది రెండు మార్కులు. ఇక్కడ ఆ చుక్క చోట ఒక మనిషి ఉంటాడు, విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ.

ఆ జూనియర్‌ని మర్నాడు వెతికి పట్టుకున్నాను. మెట్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. "ఆ ఫోన్ రాలేదు. నేనే అల్లాను. బావ సంగతి ఎవరు కలిపారో నాకు తెలీదు, కానీ మొదట అబద్ధం వేసింది నేను. నువ్వు ఎవరెవరికి చెప్పావో వాళ్ళందరికీ ఈ మాట చెప్పు."

ఆ పిల్ల కాసేపు నా మొహంలోకి చూసింది. కోపం రాలేదు. కొంచెం నిరాశ పడింది, అంతే.

"ఫోన్ లేకపోతే మరింకేముందక్కా ఆ కథలో?" అంది.

అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ అక్క నాకు లెక్కలు చెప్పేటప్పుడు తప్పు చేస్తే కొట్టివేయనిచ్చేది కాదని, పక్కనే సరైనది రాయమనేదని చెప్పి ఉండాల్సింది. ఆ పిల్ల ఆ మాట ఎంతమందికి చేరవేసిందో నాకు తెలియదు. అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాను. మా గదిలో ఆ రాత్రి కథ విన్నవాళ్ళు, వాళ్ళ నుంచి విన్నవాళ్ళు ఎవరైనా ఈ పత్రిక చదువుతుంటే, దయచేసి ఈ ముక్క కూడా కలిపి చెప్పండి. ఆ రాత్రి ఫోన్ మోగలేదు.